ఒకటో నెంబరు బిల్ల

తుమ్మలొర్రె ఊరి పక్కనున్న కొండ వయసు పన్నెండేళ్లు. అంటే అక్కడి బడిలో పదో తరగతి చదివే పిల్లలకంటే మూడేళ్లు చిన్నది. కొండలు కోట్ల ఏళ్ల కిందట పుట్టాయని పాఠ్యపుస్తకంలో ఉంటుంది గానీ, ఈ కొండ పుట్టుక ఊళ్లో అందరికీ తెలుసు. చాలామంది దానికి పురుడు పోసినవాళ్లే. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీదున్న మట్టిని తవ్వి, డంపర్లకెత్తి, ఊరి పొలాలకు అవతల పోస్తూ పోతే అది మొదట దిబ్బయింది, తర్వాత గుట్టయింది, చివరికి పొద్దుటి ఎండ ఊళ్లోకి గంట ఆలస్యంగా వచ్చేంత కొండయింది. వానాకాలంలో దాని మీద నాలుగు తుమ్మమొక్కలు మొలుస్తాయి. ఎండాకాలంలో దాని మీది దుమ్మంతా ఊళ్లోకి వచ్చి కూర్చుంటుంది.

ఈ కొండను చూసి ఊరంతా ముక్కుకు గుడ్డ కట్టుకుంటే, బడి కరస్పాండెంట్ జగదీశ్వర్ ఒక్కడే మురిసిపోయాడు. ఆయనకు ఒకప్పుడు ఇసుక లారీలుండేవి. లారీలకు పర్మిట్లు దొరకడం కష్టమైన ఏడాది ఆయనకు విద్య మీద ప్రేమ పుట్టింది. ఊరి చివర నడవలేక కునారిల్లుతున్న ఒక చిన్న ప్రైవేటు బడిని తీసుకుని, దానికి ‘గ్రీన్ శిఖర హైస్కూల్’ అని పేరు పెట్టాడు. అందులో గ్రీన్ అనేది గేటు రంగు. శిఖరం సంగతి చెప్పాను కదా.

ఈ మార్చిలో ఆయన బడిని లోకానికి పరిచయం చేయాలనుకున్నాడు. కరీంనగర్‌లో రంగుల కాగితం మీద ఒక పుస్తకం అచ్చు వేయించాడు. మొదటి పేజీలో ఇలా ఉంది: ‘పర్వత ప్రాంత గ్రామీణ సమాజం నడుమ, ప్రకృతి ఒడిలో వెలసిన చిన్న స్వతంత్ర ఉన్నత పాఠశాల మీకు స్వాగతం పలుకుతోంది. ఇక్కడి గాలి పీల్చిన పిల్లలకు మందులతో పనిలేదు.’ దాని కింద మంచు కొండలు, దేవదారు చెట్లు, ఉన్ని స్వెటర్లు వేసుకున్న ఎర్రటి బుగ్గల పిల్లల ఫోటో. గోదావరిఖని ఎండలో ఎవరైనా పిల్లవాడు ఉన్ని స్వెటర్‌తో కనిపిస్తే జనం వాణ్ని నేరుగా దవాఖానకు తీసుకుపోతారు. ఆ సంగతి అచ్చువేసినవాడికి తెలియదు. తెలిసిన జగదీశ్వర్‌కు అక్కర్లేదు.

ఆ పుస్తకం కట్టలను ఆటోలోంచి దింపి ఆఫీసు గదిలో పేర్చినవాడు అంద్రెయ. అసలు కథ అతనిదే.

అంద్రెయకు అరవై మూడేళ్లు. బడిలో అతనికి పదవి పేరంటూ లేదు. గేటు తీస్తాడు, గంట కొడతాడు, నీళ్ల ట్యాంకు నింపుతాడు, ఎవరూ చేయని పని ఏదుంటే అది చేస్తాడు. అంతకుముందు ముప్పై నాలుగేళ్లు ఒక భూగర్భ గనిలో ల్యాంపు రూం మనిషి. బాయిలోకి, అంటే గనిలోకి, దిగేవాళ్లకు కిటికీలోంచి తలదీపం, దాంతోపాటు నెంబరు కొట్టిన ఇత్తడి బిల్ల ఇవ్వాలి. పైకి వచ్చాక ఆ రెండూ తీసుకుని బిల్లను దాని కొక్కేనికి తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. బిల్ల కొక్కేనికి ఉంటే మనిషి బయట ఉన్నట్టు. అంతే పని. ఈ పనిని అంద్రెయ ఎంత భక్తిగా చేశాడంటే, ఆదివారం చర్చిలో పాస్టరుగారు తప్పిపోయిన గొర్రె వాక్యం చెప్పినప్పుడల్లా, ఆ గొర్రెకు బిల్ల ఇచ్చి ఉంటే ఇంత వెతుకులాట ఉండేది కాదు కదా అనుకునేవాడు.

అతని రెండో గుణం తల ఊపడం. మేనేజర్ చెప్పినా ఊపేవాడు, మేనేజర్ డ్రైవర్ చెప్పినా ఊపేవాడు. యూనియన్‌వాళ్లు సమ్మె అంటే ఊపేవాడు, కంపెనీవాళ్లు డ్యూటీ అంటే ఊపేవాడు. సమ్మె రోజున ఎటూ తేల్చుకోలేక జ్వరం తెచ్చుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషని కాలనీలో పేరు. రిటైరైన రోజు శాలువా కప్పుతూ అధికారి ఒకాయన, “ముప్పై నాలుగేళ్లలో ఒక్క కంప్లైంటు లేదు” అన్నాడు. అంద్రెయ దానికీ తల ఊపాడు. ముందు వరుసలో కూర్చున్న అతని భార్య సారవ్వ మాత్రం, “నోరుంటే గద కంప్లైంటు ఉండేది” అంది, అందరికీ వినబడేలా.

అలాంటి అంద్రెయ బడిలో చేరిన మొదటి ఏడే ఒక ఘనకార్యం చేశాడు. సారవ్వ ఇంట్లో లేనిది చూసి రెండు ఇత్తడి బిందెలు, ఒక గంగాళం కంచరి దగ్గరికి తీసుకెళ్లి, ముక్కలు కొట్టించి, నూట అరవై నాలుగు బిల్లలు చేయించాడు. ఒక్కోదాని మీద ఒక నెంబరు. గేటు పక్కన గోడకు చెక్క బోర్డు కొట్టి, కొక్కేలు బిగించి, బిల్లలు తగిలించాడు. పొద్దున పిల్లలు, టీచర్లు వస్తూ తమ నెంబరు బిల్ల తీసుకుని మెడలో వేసుకోవాలి. పోయేటప్పుడు తగిలించి పోవాలి. అన్ని బిల్లలూ బోర్డెక్కాక అంద్రెయ ఒకసారి కింది నుంచి పైదాకా చూసి, “అందరు బయటే” అని పైకి అంటాడు. అప్పుడే గేటుకు తాళం. ఒక్క బిల్ల రాకపోయినా తాళం పడదు. సారవ్వ ఆరు నెలలు ప్లాస్టిక్ బిందెతో నీళ్లు మోస్తూ, ఎదురైన ప్రతి మనిషికీ ఆ కథ చెప్పింది.

మొదట అంతా నవ్వారు. టీచర్లు, “మమ్మల్ని బొగ్గు తవ్వనీకి దించుతున్నవా కాక?” అన్నారు. కానీ రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు గనిలో బ్లాస్టింగు జరుగుతుంది. దానికి పది నిమిషాల ముందు సైరన్ మోగుతుంది. బ్లాస్టింగు జరిగినప్పుడల్లా బడి గోడలు వణుకుతాయి, స్లాబు పెచ్చులు ఒకటో అరో రాలతాయి. అంద్రెయ సైరన్ వినగానే గంట కొట్టేవాడు. పిల్లలు వరుసగా బయటికొచ్చి, బిల్లలు తగిలించి, ఆరుబయట కూర్చునేవారు. అతను బోర్డు చూసి ఆ రెండు మాటలు అనేవాడు. అప్పుడు ‘ధన్’ మనేది. దుమ్ము సర్దుకున్నాక మళ్లీ బిల్లలు తీసుకుని లోపలికి. ఇది ఎంత అలవాటైందంటే, ఇళ్లలో సైరన్ వినబడితే పిల్లలు అన్నం పళ్లెంతో సహా వాకిట్లోకి వచ్చి కూర్చునేవారు.

బిల్ల తీసుకోనివాడు బడి మొత్తంలో ఒక్కడే. ఒకటో నెంబరు జగదీశ్వర్‌ది. గౌరవంగా ఉంటుందని అంద్రెయే ఆయనకు మొదటి నెంబరిచ్చాడు. “నేను ఓనర్ని. నాకు బిల్లేంది?” అన్నాడాయన. అంద్రెయ తల ఊపాడు. మిగతా బిల్లలన్నీ పిల్లల చేతుల్లో నలిగి మసకబారాయి. ఒకటో నెంబరు మాత్రం ఎవరి చెయ్యీ తగలక, కొత్త పెళ్లికొడుకులా మెరుస్తూ కొక్కేనికే ఉండేది.

బడి పరిచయ సభకు జగదీశ్వర్ మార్చి ఆఖరి ఆదివారం పెట్టుకున్నాడు. కారణం ఉంది. ఆదివారం గనిలో ప్లేడే, అంటే వారానికొకసారి వచ్చే సెలవు. ప్లేడే నాడు సైరన్ ఉండదు, బ్లాస్టింగు ఉండదు, కొండ గాలి నిజంగానే కొంచెం కొండ గాలిలా ఉంటుంది. హాలు పైకప్పులో పగుళ్లు కనబడకుండా కొత్తగా ఫాల్స్ సీలింగు బిగించారు. దానికి నీలం రంగు వేసి తెల్లని మేఘాలు గీశారు. గేటు పక్కన బిల్లల బోర్డు మీద మంచు కొండల ఫ్లెక్సీ కట్టించాడు.

“వచ్చేటోళ్లు దీన్ని చూస్తే బడనుకుంటరా, బాయనుకుంటరా?” అన్నాడు.

అంద్రెయ తల ఊపాడు.

ఆ సభ మీద ఎంత ఆధారపడి ఉందో అతనికి చెప్పింది యమున టీచర్. తెలుగు చెబుతుంది, పేరుకు హెడ్‌మిస్ట్రెస్. “కాక, ఈసారి ముప్పై మంది కొత్త పిల్లలు చేరకపోతే సారు ఎనిమిది, తొమ్మిది, పది తీసేస్తనంటున్నడు. ఏడుదాకే బడి. ఆ మీద చదవాలంటే సెంటినరీ కాలనీ పోవాలె. నడుమల డంపర్లు తిరిగే రోడ్డుంది. మగపోరగాండ్లను బండ్ల మీద పంపుతరు. ఆడపిల్లలను ఎవరు పంపుతరు? ఇంట్లనే కూసోబెడ్తరు.” ఎనిమిదిలో ఉన్న ఇరవై ఇద్దరిలో పద్నాలుగు మంది ఆడపిల్లలు. వాళ్ల బిల్లల నెంబర్లు అంద్రెయకు నోటికి వచ్చు.

శనివారం సాయంత్రం ఆగయ్య గేటు దగ్గర ఆగాడు. గనిలో డంపర్ నడుపుతాడు. కూతురు ఇక్కడే ఆరో తరగతి.

“కాక, రేపు మీటింగుకు వస్తున్న. డ్యూటీ సెకండ్ షిఫ్టుకు మార్పిచ్చుకున్న.”

“రేపు ప్లేడే గద?”

“మార్చి ఆఖరు కాక. టార్గెట్ కాలేదట. ప్లేడే లేదు, గీడే లేదు. అందరికి డ్యూటీ ఇచ్చిండ్రు. బ్లాస్టింగు గూడ ఉంది, రోజులెక్కనే రెండు గంటలకు.”

మార్చి నెలాఖరున ఆదివారాలు మాయమైపోతాయని గని మీద బతికే ప్రతి ఇంటికీ తెలుసు. కానీ జగదీశ్వర్ ఇసుకతో బతికినవాడే గానీ గనిలో బతికినవాడు కాదు. అంద్రెయ వెళ్లి చెబితే ఆయన నవ్వాడు.

“ప్లేడే నాడు బ్లాస్టింగేంది? నీకు వయసు మీద పడ్డది. సరే, ఒకవేళ అయిందే అనుకో. నువ్వు గంట ముట్టొద్దు. రెండింటికి మైకులో నేను మాట్లాడుతుంట. సైరన్ ఎవరికి వినబడది. రెండు నిమిషాలు ఊగుతది, ఆగుతది. పిల్లలు లేచి బయటికి ఉరికిండ్రంటే వచ్చినోళ్లు ఏమనుకుంటరు? ఈ బడి కూలుతదా అనుకోరా? గంట కొట్టినవా, అదే నీకు ఆఖరు గంట.”

అంద్రెయ తల ఊపాడు. ఊపిన తర్వాత ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. సారవ్వ కారణం అడగలేదు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో అన్నం ముట్టని రోజులకు కారణం ఒక్కటే.

అతనికి టిమోతి అని తమ్ముడుండేవాడు. అదే గని, అదే షిఫ్టు. ఒకరోజు పొద్దున టిమోతి ఆలస్యంగా వచ్చాడు. కిటికీ దగ్గర పెద్ద వరుస ఉంది. అతను పక్క తలుపులోంచి దూరి, రిపేరు కోసం తీసి పెట్టిన దీపం ఒకటి పట్టుకుని, “అన్నా, బిల్ల తర్వాత తీస్కుంట” అని అరిచి ఉరికాడు. వరుసలో జనం తొందరపెడుతున్నారు. అంద్రెయ అటు చూడకుండానే తల ఊపాడు. మధ్యాహ్నం ఒకచోట పైకప్పు కూలింది. అందరినీ పైకి తెచ్చారు. అందరూ వచ్చారా అని అడిగారు. అంద్రెయ బోర్డు చూశాడు. అన్ని బిల్లలూ కొక్కేలకే ఉన్నాయి. “అందరు బయటే” అన్నాడు. వెతకడానికి దిగబోతున్నవాళ్లు ఆగిపోయారు. షిఫ్టు అయిపోయిన రెండు గంటలకు టిమోతి భార్య వచ్చి, “మా ఆయన ఇంకా రాలే, బావా” అంది. బయటికి తీసేసరికి మర్నాడు పొద్దయింది. ఇంకొంచెం ముందు దిగి ఉంటే బతికేవాడో లేదో ఎవరూ చెప్పలేదు. అంద్రెయను ఎవరూ తప్పు పట్టలేదు కూడా. బోర్డు ప్రకారం టిమోతి ఆ రోజు గనిలోకి దిగనే లేదు.

ఆ మాట గొంతులో పెట్టుకునే అతను మిగతా సర్వీసంతా చేశాడు. సారవ్వ బిందెలు బిల్లలైంది అందుకే. ఆ సంగతి ఆమెకు తెలుసు, అందుకే ఊరందరికీ బిందెల కథ చెప్పిందే గానీ ఒక్క రోజూ అతన్ని బిందె కొనమని అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి సభ నిండింది. అరవై డెబ్భై మంది తల్లిదండ్రులు వచ్చారు. కూల్‌డ్రింకులిచ్చారు, రంగుల పుస్తకాలిచ్చారు. ఒక ముసలామె మంచు కొండల బొమ్మను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, “ఇది ఏడుంది బిడ్డా?” అని అడిగింది. యమున టీచర్ దగ్గు వచ్చినట్టు పక్కకు తిరిగింది. పిల్లలు వస్తూ ఎవరూ చెప్పకుండానే ఫ్లెక్సీ ఎత్తి, కింద చెయ్యి పెట్టి, తమ బిల్లలు తీసుకుపోయారు. అంద్రెయ ఇంకో పని చేశాడు. ఇంట్లో దాచిన పెళ్లి కార్డులు కత్తిరించి, నెంబర్లు రాసి, గేటు దగ్గర వచ్చిన ప్రతి తల్లికీ తండ్రికీ ఒక అట్టముక్క చేతిలో పెట్టాడు. లక్కీ డ్రా ఉందనుకుని అందరూ భద్రంగా దాచుకున్నారు.

వేదిక మీద జగదీశ్వర్ కొండ గాలి గురించి మొదలుపెట్టాడు. పర్వతాల్లో పెరిగిన పిల్లలకు మనసు ఉన్నతంగా ఉంటుందన్నాడు. ముందు వరుసలోని డంపర్ డ్రైవర్లు, రాత్రి షిఫ్టులో ఆ పర్వతం మీద ఇంకో వందో రెండు వందలో టన్నులు పోసి వచ్చినవాళ్లు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “ప్రకృతి మనకిచ్చిన వరం ఈ కొండ” అన్నాడాయన. “ప్రకృతెవరు, కొత్త మేనేజరా?” అని వెనక నుంచి ఎవరో అడిగారు.

ఒంటిగంటా యాభైకి గేటు దగ్గరున్న అంద్రెయకు సైరన్ వినబడింది. హాల్లో మైకు మోతలో ఇంకెవరికీ వినబడలేదు. అతని చెయ్యి గంట తాడు దాకా వెళ్లి ఆగింది. గంట కొడితే ముప్పై మంది చేరరు. పద్నాలుగు మంది ఆడపిల్లలు ఇంట్లో కూర్చుంటారు. అతని ఉద్యోగం సంగతి సరేసరి. కొట్టకపోతే, రెండు నిమిషాలు ఊగి ఆగిపోవచ్చు. ఆగకపోనూ వచ్చు. నిన్న తల ఊపాడు కూడా. ఊపిన తల గుర్తుకు రాగానే అంద్రెయకు ఒళ్లు మండింది. తన మీద తనకే కోపం వచ్చింది. తాడు పట్టుకుని, భుజం నొప్పి పుట్టేదాకా గంట కొట్టాడు.

పిల్లలు లేచారు. అరుపు లేదు, తోపులాట లేదు. చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు వెనక, మెడలో బిల్లలు చేత్తో పట్టుకుని వరుసగా బయటికి నడిచారు. మైకులో, “కూర్చోండి, కూర్చోండి, ఏం లేదు” అని వినబడుతోంది. తల్లిదండ్రులు అర క్షణం ఆగారు. వాళ్లంతా గని మనుషులు, గని ఇళ్ల ఆడవాళ్లు. కారణం తర్వాత, ముందు బయటపడాలని తెలిసినవాళ్లు. కూల్‌డ్రింకు సీసాలతో సహా లేచి పిల్లల వెనకే నడిచారు. బోర్డుకు అడ్డంగా ఉన్న ఫ్లెక్సీని ఆగయ్య ఒక్క గుంజు గుంజాడు. దేవదారు చెట్లతో సహా మంచు కొండ దుమ్ములో పడింది. పిల్లలు దాని మీద నుంచే నడిచి బిల్లలు తగిలించారు. పెద్దవాళ్లు అట్టముక్కలు అంద్రెయ చేతిలో పెట్టారు.

అట్టముక్కలన్నీ వచ్చాయి. బోర్డు నిండింది. నూట అరవై నాలుగు కొక్కేలకు నూట అరవై నాలుగు బిల్లలు. ఇంకా మూడు నిమిషాలుంది.

“అయిపాయె గద కాక, చెప్పరాదు” అన్నాడు ఆగయ్య.

అంద్రెయ నోరు తెరిచాడు. “అందరు” అన్నాడు. రెండో మాట రాలేదు. మసకబారిన బిల్లల వరుసలో మొదటిది ఎండకు తళతళమంటోంది. ఎవరి చెయ్యీ తగలని బిల్ల. బోర్డు ప్రకారం జగదీశ్వర్ ఈ రోజే కాదు, బడి తీసుకున్న నాటి నుంచీ బడిలోకి అడుగు పెట్టనే లేదు.

అంద్రెయ మోకాళ్ల నొప్పులు మరిచి హాల్లోకి ఉరికాడు. జగదీశ్వర్ వేదిక మీద ఒంటరిగా నిలబడి, ఖాళీ కుర్చీలకు కొండ గాలి గురించి చెబుతున్నాడు. ఆపితే ఓడిపోయినట్టవుతుందని ఆయన భయం.

“సార్, బయటికి రండ్రి.”

“నీ కొలువు పోయింది. బయటికి పోవాల్సింది నువ్వు.”

అంద్రెయ ఈసారి తల ఊపలేదు. అడ్డంగా తిప్పాడు. అరవై మూడేళ్లలో ఆ మెడ అటు తిరగడం అదే మొదలు. వేదికెక్కి, ఓనర్ అని చూడకుండా, ఆయన చొక్కా కాలరు పట్టుకున్నాడు. “కొలువు పోతే పోనియి. నేను మళ్ల అబద్ధం చెప్పను. నడువ్” అని ఈడ్చుకొచ్చాడు. ‘నడువ్’ అన్న ఏకవచనానికే జగదీశ్వర్ సగం స్పృహ తప్పాడు. తలుపు దాటారో లేదో, భూమి ఊగింది. హాల్లోపల నీలాకాశం మేఘాలతో సహా ఊడిపడింది. చెక్కలు, ఇనుప చట్రాలు, వాటి మీద రాలి పేరుకున్న స్లాబు పెచ్చులు అన్నీ కలిసి వేదిక మీద కుప్పపడ్డాయి. మైకు ఒకసారి కీచుమని ఊరుకుంది.

సున్నం కొట్టినట్టు తెల్లబడిన ఇద్దరు మనుషులు తలుపులోంచి బయటికొచ్చారు. జగదీశ్వర్ మాట్లాడాలని నోరు తెరిచాడు. తుమ్ము వచ్చింది. ప్రకృతి ఒడిలో పీల్చిన గాలి అంతా ముక్కులోంచి బయటికి పోయేదాకా తుమ్ముతూనే ఉన్నాడు.

అంద్రెయ బోర్డు ముందు నిలబడి, ఊపిరి కూడదీసుకుని, “అందరు బయటే” అన్నాడు. ఆ తర్వాత గోడకు ఆనుకుని కూలబడి, ఎవరేమనుకుంటారో చూసుకోకుండా ఏడ్చాడు. జనం భయపడ్డాడేమో అనుకున్నారు. ఇన్నేళ్లకు ఆ మాట అతని నోట నిజమైందని, గంట విని ఉరికొచ్చిన సారవ్వకు ఒక్కదానికే అర్థమైంది. ఆమె వచ్చి, కొంగుతో అతని ముఖం మీది సున్నం తుడిచింది.

కాసేపటికి ఆగయ్య బోర్డు దగ్గరికి వచ్చాడు. “కాక, మా తమ్ముని బిడ్డ వేరే బడిల ఏడు చదువుతుంది. దానికి ఒక బిల్ల చేపిస్తవా?” అన్నాడు. అతని వెనక ఇంకో తల్లి. ఆమె వెనక ఇంకొకతె. అడ్మిషన్ల బల్ల మీద రంగుల పుస్తకాలు పేర్చి ఉన్నాయి, అటు ఎవరూ పోలేదు. జనం వరుస కట్టింది బిల్లల బోర్డు ముందు. యమున టీచర్ నోటు పుస్తకం తెచ్చుకుని అక్కడే నిలబడి పేర్లు రాసుకుంది. ముప్పై ఏడు పేర్లు. అందులో ఆడపిల్లలవి ఇరవై ఒకటి.

జగదీశ్వర్‌కు తుమ్ములు తగ్గేసరికి వరుస కనబడింది. ఆయన తెలివైనవాడు. సున్నం మొహంతోనే బోర్డు పక్కకొచ్చి నిలబడి, “పిల్లల క్షేమం గురించి నేను మొదటి నుంచి పట్టుబట్టి పెట్టించిన సిస్టం ఇది” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి కూడా ఓపిక ఉండాలి. అంద్రెయ కొలువు సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. జూన్‌కు హాలు పైన రేకులు వేయించాడు, తప్పక. రంగుల పుస్తకం కొత్తగా అచ్చయింది. మంచు కొండ ఎక్కడికీ పోలేదు. దాని కింద, ‘విదేశీ పరిజ్ఞానంతో రూపొందించిన ఇత్తడి భద్రతా విధానం’ అని ఒక పంక్తి చేరింది. బిల్లల బోర్డు ఫోటో వేశారు. అంచున గంట తాడు పట్టుకున్న ఒక చెయ్యి కనిపిస్తుంది. ఆ చెయ్యి వెనక మనిషిని కత్తిరించేశారు. సారవ్వ ఆ పేజీ చించి గోడకు అతికించింది. “విదేశమంట, నా బిందెలు” అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపిస్తుంది.

బడి తెరిచిన రోజు పొద్దున జగదీశ్వర్ కారు దిగి గేటులోకి రాబోయాడు. అంద్రెయ అడ్డు రాలేదు. అరచేతిలో ఒకటో నెంబరు బిల్ల పెట్టుకుని, ఆ చెయ్యి చాపి నిలబడ్డాడు. చుట్టూ కొత్త పిల్లలు, వాళ్ల తల్లులు చూస్తున్నారు. జగదీశ్వర్ ఒక్క క్షణం తటపటాయించి, తీసుకుని జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు బోర్డులో ఒక్క కొక్కెం ఖాళీగా ఉంది. మొదటిది. అంద్రెయ ఫోన్ చేశాడు.

“సార్, మీరు బయటికి రాలే.”

“బయటికి రాకపోవుడేంది? హైదరాబాద్ పోతున్న. సుల్తానాబాద్ దాటిన!”

“మీరు దాటిండ్రు సార్. బిల్ల దాటలే. బోర్డు మీద మీరింక లోపల్నే ఉన్నరు.”

“అయితే ఏందయ్య? నువ్వు తాళమేసి ఇంటికి పో!”

“పోను సార్” అన్నాడు అంద్రెయ. గట్టిగా అనలేదు. ఫోన్ పెట్టేసి గేటు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. యమున టీచర్ పోలేదు. ఆగయ్య కూతురు, దాన్ని తీసుకుపోవడానికి వచ్చిన తల్లి పోలేదు. సారవ్వ ఫ్లాస్కులో చాయ్ తెచ్చింది. డంపర్లు కొండ మీదికి మట్టి మోస్తున్నాయి.

గంట దాటాక కారు వెనక్కి వచ్చింది. జగదీశ్వర్ దిగి, ఎవరి వైపూ చూడకుండా, జేబులోంచి బిల్ల తీసి కొక్కేనికి తగిలించాడు. రోజంతా జేబులో చెమటకు నాని అదీ కొంచెం మసకబారింది.

అంద్రెయ లేచి, బోర్డును కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు.

“అందరు బయటే” అని, గేటుకు తాళం వేశాడు.